ఇద్దరి మధ్య బంతి

టెన్నిస్ జంటల ఆటలో అన్నిటికన్నా కష్టమైన బంతి మూలన పడేది కాదు, గీత మీద పడేదీ కాదు. జంటలోని ఇద్దరి నడుమ, ఇద్దరికీ సమానమైన దూరంలో వచ్చేది. మూలన పడే బంతికి కాళ్ల సత్తువ చాలు. మధ్యలో వచ్చే బంతికి ముందు తగవు తీరాలి. అది ఎవరిది? ఆ తగవు తీరేలోగా బంతి వెళ్లిపోతుంది. అందుకే జంటగా ఆడేవాళ్లు ఏ దేశంలోనైనా, ఏ భాషలోనైనా అరుచుకుంటారు. "నాది!" అని ఒకడు, "నీది!" అని ఇంకొకడు.

విభాకర్, జోయెల్ అరవరు.

విశాఖ ఓపెన్ సెమీఫైనల్ రెండో సెట్టులో అలాంటి బంతే వచ్చింది. ఎదుటి జంటలోని పొడగరి బలమంతా పెట్టి నడిమికి కొట్టాడు. జోయెల్ కుడివైపు నుంచి దూసుకొచ్చాడు. విభాకర్ కదలలేదు. ఆ కదలకపోవడం కూడా ముందే నిశ్చయించుకున్న పనిలా ఉంది. భుజాన్ని ఒకింత వెనక్కి తీసి జోయెల్ రాకెట్టుకు దారి ఇచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు, పెదవి కదపలేదు. బంతి ఎదుటివాళ్ల పాదాల దగ్గర పడి చచ్చింది.

"ఒక మనిషికే నాలుగు చేతులు మొలిచినట్టు లేదూ!" అన్నారెవరో వెనక వరసలో.

సువర్చల చప్పట్లు కొట్టలేదు. ఒడిలోని ట్యాబ్ వంక చూసింది. తెర మీద విభాకర్ పేరు పక్కన చుక్క బూడిదరంగులో ఉంది. జోయెల్ పేరు పక్కనా అంతే. బూడిదరంగు అంటే యంత్రం ఆగి ఉన్నదని అర్థం. ఆ సెట్టు మొదలవుతున్నప్పుడు తన వేలితో తానే ఆపింది.

ఆమె విభాకర్ భార్య. యంత్రాన్ని కనిపెట్టినది కూడా ఆమే.

యంత్రం అన్నమాటేగాని చెప్పుకోదగిన ఆకారమేమీ లేదు. నుదుటి పట్టీ లోపల కుట్టిన పలుచని రేకు ఒకటి, మణికట్టు మీద అంటించుకునే బిళ్ల ఒకటి. మనిషి అడుగు వేయడానికి కాస్త ముందే మెదడులో ఆ అడుగుకు ఏర్పాట్లు మొదలవుతాయి. రేకు దాన్ని పసిగడుతుంది. పసిగట్టగానే అవతలివాడి మణికట్టు మీది బిళ్ల చీమ పాకినట్టు చిన్నగా అదురుతుంది. జోడీ కదలబోతున్నాడన్న సంగతి కంటికన్నా ముందు చర్మానికి తెలుస్తుంది. అదురు వస్తే నిలబడాలి, రాకపోతే తాను వెళ్లాలి. ప్రయోగశాలలో దీనికి పొడవాటి ఇంగ్లీషు పేరొకటి ఉండేది. జోయెల్ అది పలకలేక "ముందుకబురు" అన్నాడు. ఆ పేరే నిలిచింది. పోటీ నిర్వాహకులు ఆ ఏడాదికి ప్రయోగంగా దాన్ని అనుమతించారు.

ఏ ఆటలోనైనా, ముందుగా చెప్పకుండా, తాను కబురు ఆపివేయవచ్చునని సువర్చల ఇద్దరి చేతా మొదట్లోనే ఒప్పించుకుంది. అది శాస్త్రపు మర్యాద. మందు పనిచేస్తున్నదో లేదో తేలాలంటే అప్పుడప్పుడు మందు లేని మాత్ర కూడా ఇచ్చి చూడాలి. అయినా రెండేళ్లలో పోటీ ఆటలో ఎన్నడూ ఆమెకు ఆ పని చేయడానికి మనసొప్పలేదు. ఈ రోజు చేసింది.

కబురు లేకుండానే వాళ్లు ఆ సెట్టు 6-2తో గెలిచి ఫైనల్ చేరారు.

పక్కన కోదండపాణి మాస్టారు కూర్చున్నారు. ఆమెకు శరీరధర్మశాస్త్రం చెప్పిన ఆచార్యుడు. ఉద్యోగం నుంచి తప్పుకున్నా సందేహించడం నుంచి తప్పుకోలేదని ఆయన గురించి శిష్యులు అనుకుంటూ ఉంటారు.

"ఏం అమ్మాయ్, గెలిచింది నీ మొగుడు. నీ మొహం చూస్తే ఓడినవాళ్ల తాలూకులా ఉన్నావ్."

ఆమె ట్యాబ్ ఆయనవైపు తిప్పింది. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి చూశారు.

"ఎప్పుడాపావు?"

"ఈ సెట్టు మొదట్లోనే మాస్టారూ."

"మంచిదేగా! నీ యంత్రం అక్కర్లేదని తేలింది. పరిశోధకురాలికి కాస్త నొప్పి, పెళ్లానికి సంతోషం."

"అక్కర్లేకపోవడం కాదండీ. లోపలికి దిగిపోయింది," అంది సువర్చల. "నిన్న పొద్దున్న ఇంట్లో ఒకటి జరిగింది."

*

నిన్న పొద్దున్న జరిగింది చూసేవాళ్లకు చిన్నదే. ఎంవీపీ కాలనీలో వాళ్లుండే ఫ్లాటులో వంటగది ఇరుకు. పొయ్యి మీద పాలు కాగుతున్నాయి. ఐదేళ్ల మైథిలి పీట ఎక్కి గట్టు పట్టుకుని నిలబడి ఉంది. విభాకర్ కాఫీ గ్లాసుతో పొయ్యికి చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉన్నాడు. సువర్చల తలుపు దగ్గర జుట్టు ముడివేసుకుంటోంది.

పాలు పొంగడం మొదలయింది. "నేను దించుతా," అంటూ మైథిలి ఉత్త చేతులతో గిన్నె అంచు అందుకోబోయింది.

విభాకర్ అది చూశాడు. అతను చూడడం సువర్చల చూసింది. ఎంతటి బంతినైనా అందుకోగల ఆ మనిషి, పాదాలు నేలకు అతికించినట్టు, మణికట్టు కాస్త పైకెత్తి నిలబడిపోయాడు. తలుపు దగ్గర నుంచి ఆమే పరుగెత్తుకొచ్చి పిల్లను వెనక్కి లాగింది. అప్పటికే రెండు వేళ్ల కొసలు గిన్నెకు తగిలాయి.

కొళాయి కింద వేళ్లు పెట్టి, ఏడుపు సద్దుమణిగాక ఆమె వెనక్కి తిరిగింది. "ఏటలా నిలబడిపోయావ్? పక్కనే ఉన్నావు కదా!"

విభాకర్ గ్లాసు గట్టు మీద పెట్టాడు. "నువ్వు వస్తున్నావో లేదో తెలీలేదు," అన్నాడు.

"నేను రావడమేంటి?"

"అదే... నువ్వు కదుల్తావేమో అని చూశాను. అదురు తగుల్తాదేమోనని ఆగిపోయాను సువర్చలా." అలా అంటూ బిళ్ల లేని మణికట్టును బొటనవేలితో రుద్దుకుంటున్నాడు.

అప్పుడు ఆమెకు పాతవన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. లిఫ్టు దగ్గర పక్కింటాయన ఎదురైతే ఇతను అడుగు వేయక నిలబడిపోవడం, ఫోను మోగితే ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూడడం. ఒంటరిగా ఉంటే బాగానే ఉంటాడు. రెండో మనిషి దగ్గర్లో ఉంటేనే.

జోయెల్ సంగతి సరిగ్గా దీనికి తలకిందులు. పోయిన ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు, ఎవరు గరిటెకు చెయ్యి చాపినా అది అప్పటికే అతని చేతిలో ఉంది. ఎవరు మాట మొదలుపెట్టినా ముగించింది అతనే. "ఏంది వదినా, మీ విశాఖోళ్లు నిద్రలో తింటారా ఏంది?" అని నవ్వాడు. అందరూ నవ్వారు. తాను రెడ్ లైటు పడ్డా బ్రేకు వేయలేకపోయాననీ, లారీవాడు తిట్టిన తిట్లు బాగున్నాయనీ కూడా ఆ రోజే చెప్పాడు. దానికీ నవ్వారు.

*

సెమీఫైనల్ అయిన సాయంత్రం నలుగురూ ప్రయోగశాలలో కూర్చున్నారు. కోదండపాణి మాస్టారు బల్ల సొరుగులో వెతికి ఒక చెక్క స్కేలు తీశారు.

"ఇంత పెద్ద ల్యాబు పెట్టుకుని బడిపిల్లకాయల స్కేలా మాస్టారూ?" అన్నాడు జోయెల్.

"దీనికి బ్యాటరీ అయిపోదు నాయనా. చెయ్యి చాపు."

స్కేలును పైన పట్టుకుని, కింద వేళ్ల మధ్య నుంచి జారవిడిచారు. జోయెల్ పట్టుకున్నాడు. విభాకర్ పట్టుకున్నాడు. ఇద్దరివీ చురుకైన చేతులు. అందులో ఆశ్చర్యం లేదు.

"ఇప్పుడు విభాకర్, సువర్చల ఇద్దరూ చెరోవైపు నుంచీ వేళ్లు పెట్టండి. ఎవరైనా పట్టుకోవచ్చు. కింద మాత్రం పడకూడదు."

పట్టుకోవద్దని ఆమెకు ఆయన ముందే చెవిలో చెప్పారు. స్కేలు వదిలారు. అది రెండు చేతుల మధ్య నుంచి జారి నేలను తాకి టకామని మోగింది. మళ్లీ వదిలారు. మళ్లీ మోగింది. మూడోసారి విభాకర్ నుదుటి మీద చెమట పట్టింది. వేళ్లు స్కేలుకు వెంట్రుకవాసి దూరంలో వణికాయి. కానీ దగ్గరికి రాలేదు. నేల మీద చెక్క మోగింది.

"ఇప్పుడు జోయెల్. వంతు సువర్చలది. నువ్వు పట్టుకోవద్దు. చెయ్యి మాత్రం పెట్టి ఉంచు."

వదిలారు. జోయెల్ పట్టుకున్నాడు.

"సారీ మాస్టారూ. అలవాటు. మళ్లీ వేయండి."

వేశారు. జోయెల్ పట్టుకున్నాడు. ఆమె వేళ్ల మీద నుంచి లాక్కున్నంత పని చేశాడు. "చెయ్యి జేబులో పెట్టుకుంటా, చూడండి," అని ప్యాంటు జేబులో దూర్చాడు. స్కేలు కదలగానే జేబు లోపల చెయ్యి ఎగిరిపడి, భుజం కుదుపుకు అతనే తూలి బల్లను గుద్దుకున్నాడు. నవ్వబోయి ఆగిపోయాడు. జేబులోంచి చెయ్యి తీసి, అది తనదేనా అన్నట్టు చూసుకున్నాడు.

మాస్టారు స్కేలు బల్ల మీద పెట్టారు. "వెళ్లాలా, ఆగాలా అన్న తగవు ప్రతి మనిషీ తనలో తానే తీర్చుకుంటాడు. వీళ్లు రెండేళ్లుగా దాన్ని చెరిసగం పంచుకున్నారు. వెళ్లడం ఒకడు తీసుకున్నాడు. ఆగడం ఒకడు తీసుకున్నాడు. తన వాటాకు రాని సగం ఎవరికి వారు మరిచిపోయారు." సువర్చల వైపు తిరిగారు. "ఒకటి చెప్పమ్మా. ఆట చూస్తున్నంతసేపూ నాకర్థం కాలేదు. వీళ్లిద్దరూ మూగనోము పట్టినట్టు ఆడతారేం?"

"నేనే వద్దన్నాను మాస్టారూ. మాట్లాడితే దవడ కండరం కదులుతుంది. ఆ కదలికతో రేకులో సంకేతం చెడిపోతుంది. గీతలు శుభ్రంగా రావాలంటే..."

ఆ మాట పూర్తి కాలేదు.

"మా గుంటూరు కోచ్ అయితే, నోరు తెరవకపోతే 'నోట్లో పిడక పెట్టుకున్నావంట్రా' అని పిర్ర మీద ఏసేవోడు," అన్నాడు జోయెల్. "మొదట్లో నాకు నోరు మూసుకుని ఆడ్డం చచ్చేంత కష్టంగా ఉండేది వదినా. నీ కోసం అలవాటు చేసుకున్నా."

సువర్చల కిటికీ వైపు నడిచి, అక్కడ నిలవలేక మళ్లీ వెనక్కి వచ్చింది. "నాది" అన్న కేక పక్కవాడికోసం అనుకున్నాం, ఎవరితోనో కాక తనతోనే పైకి అంది. అది సగమే పక్కవాడికి. మిగిలిన సగం అరిచినవాడికే. ఆ కేకతో మనిషి తన తగవు తాను తీర్చుకుంటాడు. కబురు వాళ్లకు చేసిన చెరుపు ఎంతో ఆమెకు తెలియదు. ఆ కేకను తీసేయమన్నది మాత్రం యంత్రం కాదు.

"ఇది నీ ఊహ," అన్నారు మాస్టారు. "బాగుంది. బాగున్న ఊహనే రెండుసార్లు అనుమానించాలి."

"ఊహలు తర్వాత. రేపు ఫైనల్," అన్నాడు జోయెల్. "రేపొక్కరోజు కబురు పెట్టుకుని ఆడదాం. గెలిస్తే పెద్ద పోటీలకు నేరుగా తీసుకుంటారు. నాకు ముప్పై నాలుగొచ్చినయ్ వదినా. ఇంకో ఫైనల్ నా కోసం కూర్చుని ఉండదు."

"కబురు ఉన్నా లేకపోయినా ఒకటే జోయెల్. ఈ రోజు రెండో సెట్టంతా ఆపేసి ఉంచాను."

జోయెల్ కుర్చీలోంచి లేచాడు. మళ్లీ కూర్చున్నాడు. "అంటే ఆ ఆరు-రెండు... మేమేనా కొట్టింది?"

"మీరే."

"అయితే ఇంకేంది గొడవ! పట్టీలు తీసి నీకిచ్చేత్తాం. ఇట్టాగే నోరు మూసుకుని ఆడతాం. గెలుస్తాం."

"గెలుస్తారు," అంది సువర్చల. "నోరు మూసుకుని ఆడిన ప్రతి ఆటా మీ మెదడులో పడ్డ గాడిని ఇంకా లోతు చేస్తుంది. అరుస్తూ ఆడితే పూడుతుందేమో. పూడుతుందని నేను రాసివ్వలేను. అరుస్తూ ఆడితే మాత్రం రేపు ఓడిపోవచ్చు."

ఇద్దరూ విభాకర్ వైపు చూశారు. మాస్టారు కూడా చూశారు. విభాకర్ జోయెల్‌ను చూశాడు, భార్యను చూశాడు, మణికట్టు రుద్దుకున్నాడు.

"మీరిద్దరూ ఏమంటే అదే," అన్నాడు.

సువర్చలకు నోటి దాకా వచ్చింది. 'అరుస్తూనే ఆడు, ఓడినా సరే' అని. ఆ మాట అంటే అది తన నిర్ణయమవుతుంది. మళ్లీ అతని మణికట్టుకు అదురు అందించినట్టే అవుతుంది. ఏమీ తేల్చుకోకుండానే లేచారు.

*

ఫైనల్‌కు జనం బాగా వచ్చారు. సముద్రపు గాలికి కోర్టు చుట్టూ కట్టిన గుడ్డలు టపటపలాడుతున్నాయి. ఇద్దరూ నుదుటి పట్టీలు, బిళ్లలు తీసి సువర్చల సంచిలో వేసి వెళ్లారు. మైథిలి తల్లి పక్కన కూర్చుంది. వేళ్లకు చుట్టిన గాజుగుడ్డ అప్పుడే మాసిపోయింది.

మొదటి సెట్టు నిశ్శబ్దంగా, అందంగా సాగింది. ఎదుటి జంట ఇండోనేషియావాళ్లు. ఒకరితో ఒకరు గలగలా మాట్లాడుకుంటూ, అరుచుకుంటూ ఆడుతున్నారు. ఇవతల జోయెల్ వెళ్తున్నాడు, విభాకర్ దారి ఇస్తున్నాడు. బంతి ఎక్కడ పడ్డా తగవు లేదు. 6-3.

"మనమే గెలుస్తున్నామా అమ్మా?" అంది మైథిలి.

"ఆఁ," అంది సువర్చల. ఆమెకు కాళ్లు ఒకచోట నిలవడం లేదు. చెప్పు అంచుతో సిమెంటు మెట్టును గీకుతూ ఉంది.

రెండో సెట్టు మూడు-మూడు దగ్గర ఉండగా మధ్యలోకి తేలికైన బంతి వచ్చింది. జోయెల్ అప్పటికే బయలుదేరాడు. విభాకర్ భుజం వెనక్కి తీశాడు. తీసినవాడు తీసినట్టే ఉండి గొంతు చించుకుని అరిచాడు.

"నాది!"

జోయెల్ ఉలిక్కిపడి తల తిప్పాడు. రాకెట్టు గాలిని కొట్టింది. బంతి ఇద్దరి మధ్య నుంచి నిదానంగా దొర్లిపోయింది. జనం పగలబడి నవ్వారు.

"ఏందిరా అది?"

"ఏమో. అరవాలనిపించింది."

"గెలుస్తన్నాం రా మామా! చూసుకో!"

"తెలుసు."

మరుసటి బంతికీ అరిచాడు. అరుపు బంతి దాటిపోయాక వచ్చింది. ఆ తర్వాతిదానికీ అంతే. ఒకసారి అరుపు సమయానికి వచ్చింది, కాలు రాలేదు. ఒకసారి రెండూ వచ్చాయి, ఆగడం చేతకాని జోయెల్ వచ్చి అతని మీద పడ్డాడు. ఇద్దరూ దుమ్ములో దొర్లారు. నిన్న నాలుగు చేతుల మనిషి అన్న గొంతే వెనక వరసలోంచి, "సర్కస్ టికెట్టు కూడా ఇందులోనే కలిపారా?" అంది. సెట్టు 4-6తో పోయింది.

విరామంలో ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. కుటుంబాలవాళ్ల కుర్చీలు ఆ వెనకే. జోయెల్ నీళ్ల సీసా నేలకేసి కొట్టాడు.

"నా నోటి కాడ కూడు లాగేత్తన్నావ్ రా. ఎందుకు చేత్తన్నావో చెప్పి చావు."

విభాకర్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ మాట్లాడాడు. "మొన్న మైథిలి చెయ్యి కాలింది. నేను పక్కనే ఉన్నాను. చూస్తూ ఉన్నాను."

జోయెల్ వెనక్కి తిరిగి గాజుగుడ్డ వంక చూశాడు. మైథిలి ఆ చెయ్యే ఊపింది. అది ఎలా కాలిందో అతనికి ఎవరూ చెప్పలేదు.

"నువ్వు రెడ్ లైటు దగ్గర ఆగలేకపోయానని చెప్పావు," అన్నాడు విభాకర్. "ఆ రోజు ఉన్నది లారీవాడు కాబట్టి తిట్టి పోయాడు. ఏ ముసలావిడో రోడ్డు దాటుతూ ఉంటే?"

"అది వేరు, ఇది వేరు."

"రెండూ ఒకటే. నాకు అరవడం రావట్లేదురా. మళ్లీ నేర్చుకోవాలి. ఇక్కడ నేర్చుకోకపోతే ఇంట్లో నేర్చుకోవాలి. ఇంట్లో పొయ్యి ఉంటాది."

"అయితే ఫైనల్లోనా నేర్చుకునేది?"

"ఇక్కడ తప్పితే పాయింటే కదా పోయేది."

జోయెల్ రాకెట్టు తీగలు సర్దుకుంటూ కూర్చున్నాడు. అంపైర్ "టైమ్" అన్నాడు. జోయెల్ లేచాడు. "సరే, అరుచుకో. నేను ఆగుతానని మాత్రం మాటివ్వను. నా కాళ్లు నా మాట వినవు."

సువర్చల ఇదంతా విన్నది. ఏమంటే అదే అన్న మనిషి ఒక మాట అన్నాడు. ఎవరూ చెప్పకుండా అన్నాడు. ఆమె సంతోషపడబోయి తనను తాను ఆపుకుంది. మాట వేరు, కాలు వేరు.

మూడో సెట్టుకు బదులు పది పాయింట్ల టైబ్రేకు. అది టెన్నిస్‌లా లేదు. పొలం గట్టు మీద తగాదాలా ఉంది. "నాది!" "కాదు, నాది!" "నీదేరా, కొట్టు!" అని ఇద్దరూ అరుచుకుంటుంటే ఇండోనేషియావాళ్లకే మాట పడిపోయింది. విభాకర్ రెండుసార్లు ఆలస్యమయ్యాడు. మూడోసారి సమయానికి వెళ్లి, జోయెల్ మోచేయి తగిలి పెదవి చిట్లించుకున్నాడు. అయినా ఎలాగో ఎనిమిది-తొమ్మిది దాకా ఈడ్చుకొచ్చారు. ఇంకొక్క పాయింటు పోతే ఓటమి.

ఎదుటివాళ్లు బంతిని పైకి లేపారు. అది గాలిలో బాగా ఎత్తుకు వెళ్లి, సముద్రపు గాలికి కాస్త ఊగి, సరిగ్గా ఇద్దరి మధ్యకు దిగసాగింది.

"నాది!" అని జోయెల్ బయలుదేరాడు.

విభాకర్ పాదాలు నేలను వదలలేదు. మణికట్టు పైకి లేచింది. సువర్చలకు ఆ భంగిమ తెలుసు. వంటగదిలో చూసిందే. ఆమె చేతిలో మైథిలి మంచి చెయ్యి ఉన్న సంగతి మరిచి గట్టిగా నొక్కింది. పిల్ల "అమ్మా!" అంది.

"నాది!" అన్నాడు విభాకర్. ఈసారి అరుపు జోయెల్ అరుపు మీద నుంచి వెళ్లింది. దాని వెనకే కాలు వెళ్లింది.

జోయెల్ ఆగాడు. ఆగడమంటే కళ్లెం లాగిన గుర్రంలా ఒళ్లంతా కుదిపేసుకుని, రాకెట్టు గాలిలో అలాగే నిలిపి, నోరు తెరుచుకుని ఆగాడు. విభాకర్ అతని ముందు నుంచి ఎగిరి కొట్టాడు.

బంతి నెట్టు అంచుకు తగిలి, క్షణం ఆలోచించి, ఇవతలే పడింది.

ఆట అయిపోయింది. ఎదుటివాళ్లు కౌగిలించుకున్నారు. జోయెల్ ఆగినచోటే నిలబడి తన పాదాలు చూసుకుంటున్నాడు.

"ఆగినా రా," అన్నాడు. "ఒరే విభా, ఆగినా! చూశావా?" అని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. ఓడినవాళ్లు ఎందుకు నవ్వుతున్నారో జనానికి అర్థం కాలేదు. పెదవి నుంచి నెత్తురు కారుతున్న రెండోవాడు మాత్రం నవ్వకుండా, నేల మీద తన అడుగు పడినచోటు వెతుకుతున్నట్టు వంగి చూస్తున్నాడు.

"ఒక్క పాయింటమ్మా," అన్నారు కోదండపాణి మాస్టారు మెల్లగా. "రుజువు కాదు."

"తెలుసు మాస్టారూ," అంది సువర్చల. "అది కూడా పోయిన పాయింటు."

*

మర్నాడు పొద్దున్న మైథిలి ఇంకా లేవలేదు. పడకగది తలుపు దగ్గరగా వేసి వచ్చి, సువర్చల పాలగిన్నె పొయ్యి మీద పెట్టింది. తాను వెళ్లి వంటగది గుమ్మంలో నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

విభాకర్ కాఫీ గ్లాసుతో వచ్చాడు. చిట్లిన పెదవి వాచి ఉంది. పొయ్యి పక్కన నిలబడ్డాడు. పాలను చూశాడు, ఆమెను చూశాడు. ఆమె కళ్లు కిటికీ వైపు తిప్పుకుంది. తన చూపు కూడా అతనికి కబురు కాకూడదు.

పాల మీద మీగడ ముడతలు పడింది. అంచుల చుట్టూ బుడగలు లేచాయి. నురుగు పైకి రాసాగింది. ఇంతకన్నా తేలికైన పని లోకంలో లేదు. రెండడుగులు వేసి మీట తిప్పడమే. ఇంతకన్నా కష్టమైన ప్రయోగం ఆమె ఎన్నడూ చేయలేదు. నురుగు గిన్నె నిండింది. అంచు దాటింది. పొయ్యి మీద పడి చుయ్యిమంది. మాడిన పాల వాసన గది నిండా కమ్మింది.

"నాది," అన్నాడు విభాకర్.

అరవలేదు. పక్కగదిలో పిల్ల నిద్ర చెడకూడదన్నట్టు మెల్లగా అన్నాడు. మీట తిప్పాడు. గుడ్డ తీసుకుని గట్టు తుడవడం మొదలుపెట్టాడు.

"పాలు పోయాయి," అన్నాడు తల ఎత్తకుండా.

"పోనీ."

అతను గుడ్డ పిండి, మళ్లీ తుడిచి, మళ్లీ పిండాడు. సువర్చల వెనక కట్టుకున్న చేతులు విప్పింది. అరచేతుల్లో గోళ్ల గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి. వాటిని అతనికి కనబడనివ్వలేదు. గిన్నె తీసి అడుగంటిన మాడు గీకి కడిగింది. ఫ్రిజ్ తెరిచి ఇంకో పాల పాకెట్టు తీసింది.

విభాకర్ ఫ్రిజ్‌లోకి తొంగిచూశాడు. "ఇన్ని పాకెట్లేటి?"

"ఉంటాయని తెచ్చాను."

అతను ఆమె మొహం వంక కాసేపు చూశాడు. అర్థమైంది. ఖాళీ గ్లాసు గట్టు మీద పెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, ఎప్పుడూ నిలబడేచోటే నిలబడ్డాడు.

సువర్చల పాలు పోసి పొయ్యి వెలిగించింది. గుమ్మంలోకి వెళ్లి చేతులు వెనక్కి కట్టుకుంది.